ఫైర్‌బాల్ వేసే ముందు విజార్డ్ చూసుకోవాల్సినవి

పాచికలతో ఆడే పాత్రల ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 రూల్స్‌లో ఐదో లెవల్ విజార్డ్‌కి (మాంత్రికుడికి) మూడో లెవల్ స్లాట్లు, అంటే ఆ స్థాయి మంత్రాలు వేసే అవకాశాలు, రెండే. పేలే నిప్పు మంత్రం ఫైర్‌బాల్‌కి వాటిలో ఒకటి ఖర్చవుతుంది. పాచికలు పట్టుకునే ముందు ఇవి చూసుకోండి.

• గురి 150 అడుగుల లోపు ఉండాలి. అసలు చిక్కు పేలుడు వెడల్పుతోనే: కేంద్రం నుంచి అన్ని వైపులా 20 అడుగులు, అంటే మ్యాప్ మీద నాలుగేసి గళ్లు. మంట మూల తిరిగి కూడా పాకుతుంది కాబట్టి గోడ చాటున నిలబడ్డ మనవాడూ కాలుతాడు. మీ జట్టు ఫైటర్ (యోధుడు) ముందు వరుసలో ఉంటే కేంద్రాన్ని శత్రువుల వెనక్కి జరపండి.

• ఎర్ర డ్రాగన్‌కి నిప్పు అంటదు. మిగతావాళ్లు డెక్స్‌టెరిటీ సేవ్ (చురుకుతో తప్పించుకోవడానికి వేసే పాచిక) గెలిస్తే సగం దెబ్బే. పూర్తి దెబ్బ సగటు 28.

• బోనస్ యాక్షన్‌తో (టర్న్‌లో దొరికే అదనపు చిన్న పనితో) మిస్టీ స్టెప్, అంటే చటుక్కున వేరే చోటికి మాయమయ్యే మంత్రం, వేశారా? ఆ టర్న్‌లో ఇక ఫైర్‌బాల్ లేదు, క్యాంట్రిప్ (స్లాట్ ఖర్చు కాని చిన్న మంత్రం) ఒక్కటే. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

• సైలెన్స్ (శబ్దమే లేకుండా చేసే మంత్రం) పరిధిలో ఉంటే మంత్రం పలకలేరు. ముందు బయటికి రండి.

• ఎవరిమీదైనా మీరు వేసిన హేస్ట్ (వేగం పెంచే మంత్రం) నడుస్తుంటే మీరు దాక్కోవడమే ముఖ్యం, ఎందుకంటే అది మీ ఏకాగ్రత మీదే నిలుస్తుంది. దెబ్బ తగిలిన ప్రతిసారీ కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దృఢత్వం) సేవ్ వేయాలి: 10 గానీ, దెబ్బలో సగం గానీ, ఏది ఎక్కువైతే కనీసం అంత రావాలి. తప్పితే హేస్ట్ పొందినవాడు తన తర్వాతి టర్న్ అయ్యేదాకా కదల్లేడు, కొట్టలేడు.

• స్లాట్లు అయిపోతే షార్ట్ రెస్ట్ (ఆటలో చిన్న విశ్రాంతి) తర్వాత విజార్డ్‌కుండే ఆర్కేన్ రికవరీ అనే శక్తితో ఒక మూడో లెవల్ స్లాట్ తిరిగొస్తుంది, రోజుకి ఒక్కసారే.