బీడీఎస్ సీటు కోసం నీట్ చదివేవారు మార్కులు ఎక్కడ పోగొట్టుకుంటున్నారో చూసుకునే పద్ధతి

దంతవైద్యం చదవాలనుకునేవారికి మన దేశంలో విడిగా ప్రవేశ పరీక్ష లేదు. ఎంబీబీఎస్ కోసం రాసే నీట్ యూజీనే బీడీఎస్‌కూ రాయాలి. 180 ప్రశ్నలు, 720 మార్కులు, మూడు గంటల సమయం, సరైన జవాబుకు 4 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత అన్న లెక్క అందరికీ ఒకటే. "బీడీఎస్‌కే కదా, క్వాలిఫై అయితే చాలు" అన్న మాట ఇళ్లలో వినిపిస్తూ ఉంటుంది గానీ, జనరల్ వారికి 50, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు 40 పర్సంటైల్ (అంటే రాసినవారిలో అంత శాతం మందిని దాటడం) అనేది కౌన్సెలింగ్ గుమ్మం దాటడానికి మాత్రమే పనికొస్తుంది. హైదరాబాదు, విజయవాడ, కడపల్లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలల్లో సీటు కావాలంటే దానికి చాలా పైన మార్కులు రావాలి.

నేను చూసినంతలో, ఈ పరీక్ష దగ్గర తడబడేవారిలో ఎక్కువమందికి చదివే గంటలు చాలక ఇబ్బంది రావడం లేదు. మార్కులు ఏ కంతలోంచి కారిపోతున్నాయో తెలియక వస్తోంది. అందుకని మొదట చేయవలసిన పని కొత్త పుస్తకం కొనడం కాదు. గ్రాండ్ టెస్ట్ (మొత్తం సిలబస్ మీద పెట్టే నమూనా పరీక్ష) రాసిన మర్నాడు, ర్యాంకు సంగతి పక్కన పెట్టి, తప్పు పోయిన ప్రతి ప్రశ్ననూ ఒక నోటుబుక్కులో నాలుగు గళ్లలో ఏదో ఒకదాని కింద వేయాలి: ఆ పాఠమే చదవలేదు, చదివాను గానీ గుర్తురాలేదు, పద్ధతి తెలిసీ లెక్క తప్పాను, ప్రశ్నను సరిగా చదవలేదు. నాలుగు టెస్టులు పూర్తయ్యేసరికి ఏ గడి నిండుతోందో కంటికే కనిపిస్తుంది. ఇంటర్ అయ్యాక నీట్ కోసమే ఏడాదిపాటు కోచింగ్ తీసుకునే లాంగ్‌టర్మ్ చదువుతున్న ఒక అమ్మాయి అలాంటి నోటుబుక్కు ఒకసారి నా చేతికి వచ్చింది. తనకు ఫిజిక్స్ రాదని ఆమె ఏడాదిగా నమ్ముతోంది. తీరా చూస్తే, ఫిజిక్స్ తప్పుల్లో సగానికి పైగా సూత్రం సరిగానే రాసుకుని చివరి లెక్క దగ్గర జారినవే.

ఇది ఆమె ఒక్కరి కథ కాదు. బైపీసీలో చేరిన రోజే చాలామంది లెక్కలకు నమస్కారం పెట్టేస్తారు. ఫిజిక్స్ మాత్రం లెక్కలను వదిలిపెట్టదు. సెకనుకు 20 మీటర్ల వేగంతో, 30 డిగ్రీల కోణంలో విసిరిన బంతి ఎంత దూరంలో పడుతుందని అడిగారనుకుందాం. వేగం వర్గం 400, దానిని రెట్టింపు కోణం సైన్, అంటే సైన్ 60తో గుణించి, గురుత్వ త్వరణం 10తో భాగించాలి. ఇంతవరకు అందరికీ వస్తుంది. సైన్ 60 అంటే రూట్ 3 బై 2 అనీ, అది దాదాపు 0.866 అనీ నోటికి వచ్చినవారు పావు నిమిషంలో 34.6 మీటర్లని గుర్తు పెడతారు, రానివారు రెండు నిమిషాలు కూర్చుని చివరకు వదిలేస్తారు. కెమిస్ట్రీలోనూ ఇదే బాధ. 0.002 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ కట్టాలంటే లాగ్ 2 విలువ 0.301 అని తెలిస్తే చాలు, మూడులోంచి తీసేస్తే 2.7 వస్తుంది. పరీక్ష హాల్లోకి క్యాలిక్యులేటర్ గానీ లాగరిథం పట్టికలు గానీ రానివ్వరు కాబట్టి, చదువు మొదట్లోనే రెండు వారాల పాటు రోజూ ఒక గంట కేవలం లెక్కలకు కేటాయించడం మంచిది. త్రికోణమితి విలువలు, సదిశలను అంశాలుగా విడదీయడం, చిన్నపాటి అవకలనం, సమాకలనం, పది ఘాతాలతో గుణకార భాగహారాలు, 2, 3, 5, 7ల లాగ్ విలువలు, 30 వరకు వర్గాలు అంతలో చేతికి వచ్చేస్తాయి. ఆప్షన్ల మధ్య దూరం ఎక్కువగా ఉన్నప్పుడు 9.8ని 10గా, π వర్గాన్ని 10గా తీసుకునే ధైర్యం కూడా అభ్యాసం వల్లనే వస్తుంది.

బయాలజీకి 90 ప్రశ్నలు, 360 మార్కులు, అంటే పేపర్లో సరిగ్గా సగం. ఇక్కడ వచ్చే చిక్కు వేరు. పాఠం పదిసార్లు చదివినవారికి ప్రతి వాక్యమూ తెలిసినట్టే ఉంటుంది, అయినా జవాబు నోటికి రాదు. పుస్తకం తెరిచి ఉన్నప్పుడు కలిగే ఆ పరిచయాన్ని జ్ఞాపకమని పొరబడకూడదు. ఒక ఉపశీర్షిక చదివి, పుస్తకం మూసి, గుర్తున్నదంతా చిత్తు కాగితం మీద రాసి, ఆ తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకంలోని పేజీతో పోల్చి, వదిలేసినవాటిని ఎర్ర సిరాతో చేర్చాలి. అదే పాఠాన్ని మర్నాడు, వారానికి, నెలకు మళ్లీ ఇలాగే చేయాలి. పని నెమ్మదిగా సాగుతుంది, విసుగు కూడా పుడుతుంది, కానీ రంగు పెన్నులతో గీతలు గీయడం కంటే ఎన్నో రెట్లు మేలు చేస్తుంది. బొమ్మల కింద ఇచ్చిన వివరణలనూ పట్టికలనూ వదిలేయకూడదు.

తెలుగు అకాడమీ పుస్తకాలతోనో పాత బిట్ల పుస్తకాలతోనో చదివేవారు ఆ పాఠం ఇప్పటి నీట్ సిలబస్‌లో ఉందో లేదో ముందే చూసుకోవాలి. 2024 నుంచి అమలైన సిలబస్‌లో జీర్ణక్రియ, శోషణ పాఠం లేదు. రేపు పళ్ల డాక్టర్లు కావలసినవారు ఆ పాఠంలో ఉండే దంత సూత్రం (నోట్లో ఏ రకం పళ్లు ఎన్నో చెప్పే లెక్క) చదవకుండానే ప్రవేశ పరీక్ష రాస్తున్నారన్న మాట! నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, పాత మెటీరియల్ పట్టుకుని ఆ పాఠం మీద నాలుగు రోజులు వెచ్చించినవారికి మాత్రం నవ్వు రాదు. అలాగే 2021 నుంచి 2024 వరకు వచ్చిన పేపర్లలో 200 ప్రశ్నలు ఇచ్చి 180 రాయమనేవారు, 2022 నుంచి సమయం కూడా 200 నిమిషాలు ఉండేది. 2025లో ఆ ఛాయిస్‌ను తీసేశారు. ఆ పేపర్లతో అభ్యాసం చేసేటప్పుడు గడియారాన్ని 180 నిమిషాలకే పెట్టుకోవాలి.

తెలుగు మాధ్యమంలో చదివినవారు ప్రశ్నపత్రం భాషను దరఖాస్తు నింపేటప్పుడే ఎంచుకోవాలి. తెలుగు ఎంచుకుంటే తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉన్న బుక్‌లెట్ ఇస్తారు. అనువాదంలో సందేహం వస్తే ఇంగ్లీషు పాఠమే చెల్లుతుంది. అందువల్ల ప్రతి పాఠానికీ రెండు వరుసల పట్టిక రాసుకోవాలి: జడత్వ భ్రామకం ఒక పక్క, మొమెంట్ ఆఫ్ ఇనర్షియా ఇంకో పక్క, ద్రవాభిసరణం పక్కన ఆస్మాసిస్, క్షయకరణ విభజన పక్కన మియోసిస్. తెలుగు బుక్‌లెట్ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాల్లోనే దొరుకుతుంది కాబట్టి బెంగళూరులోనో చెన్నైలోనో ఉండి చదివేవారు కేంద్రం ఎంచుకునేటప్పుడే ఆ విషయం గుర్తుంచుకోవాలి.

మైనస్ మార్కుల భయం మరొక పెద్ద అడ్డంకి. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి పెడితే సగటున ప్రశ్నకు పావు మార్కు లాభమే తేలుతుంది. రెండింటిని కచ్చితంగా కొట్టేయగలిగితే ఆ లాభం ఒకటిన్నర మార్కుకు పెరుగుతుంది. కాబట్టి రెండు ఆప్షన్లు ఎగిరిపోయిన ప్రశ్నను వదిలేయడం పిరికితనమే. అసలు ప్రమాదం "ఇదెక్కడో చదివినట్టుందే" అనిపించే ఆప్షన్ దగ్గర పొంచి ఉంటుంది. ప్రశ్న తయారు చేసేవారు ఆ ఎరను తెలిసే వేస్తారు. "సరికానిది ఏది" అన్న ప్రశ్నల్లో "కాని" అన్న మాట చుట్టూ పెన్నుతో సున్నా చుట్టే అలవాటు ఒక్కటే నోటుబుక్కు నాలుగో గడిలోని, అంటే ప్రశ్నను సరిగా చదవని తప్పులను బాగా తగ్గిస్తుంది.

పరీక్ష మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు జరుగుతుంది. తెల్లవారుజాము దాకా చదివి, అన్నం తిన్నాక కునుకు తీసే అలవాటున్నవారికి సరిగ్గా ఆ వేళకే కళ్లు మూతపడతాయి. చివరి నెల రోజులైనా నమూనా పరీక్షలను ఆ సమయంలోనే, తేలికపాటి భోజనం చేసి, లేవకుండా రాయాలి. చేతి గడియారం అనుమతించరు కనుక గోడ గడియారం చూసి సమయం సర్దుకోవడం కూడా ఇంట్లోనే సాధన చేయాలి. బయాలజీకి 50 నిమిషాలు, కెమిస్ట్రీకి 50, ఫిజిక్స్‌కు 65 పెట్టుకుంటే ఓఎంఆర్ (జవాబుల వృత్తాలు నింపే పత్రం) సరిచూసుకోవడానికి పావుగంట మిగులుతుంది.

ఆ ఓఎంఆర్ దగ్గర ఒక జాగ్రత్త. చాలామంది ధైర్యం కోసం బయాలజీతో మొదలుపెడతారు, అది మంచిదే. అయితే 2025 పేపర్లో బయాలజీ 91వ ప్రశ్నతో మొదలైంది. హడావుడిలో దాని జవాబును మొదటి వరుసలో దిద్దితే, పెన్ను సిరా చెరిపే వీలుండదు. ఇంట్లో రాసే నమూనా పరీక్షలకు కూడా ఓఎంఆర్ నకలు తీసుకుని, ప్రతి జవాబుకూ ముందు ప్రశ్న సంఖ్యను వేలితో తాకి, తర్వాతే వృత్తం నింపాలి. పేజీ పూర్తయ్యాక చివరి ప్రశ్న సంఖ్య, చివరగా నింపిన వరుస సంఖ్య ఒకటేనా అని ఒకసారి చూసి పేజీ తిప్పాలి.