స్క్రీన్‌ప్లే పాఠాలు – 6: ఇద్దరు దొంగలు, ఒక భోజనం

పోయినసారి ఇచ్చిన అభ్యాసం గుర్తుంది కదా: ఇద్దరు మోసగాళ్ళు పెద్దింటివాళ్ళమని ఒకరికొకరు కోతలు కోసుకుంటూ ప్రేమలో పడాలి. వచ్చిన సీన్లలో చాలావరకు ఒకే గోతిలో పడ్డాయి. మూడు పేజీల పాటు ఆమె జమీందారు కూతురు, అతను ఫారిన్ డాక్టరు. చివరి లైన్లో ఎస్సై వచ్చి "ఇద్దరూ కేడీలే" అంటాడు. కొందరు ఆమె దొంగతనానికి వాళ్ళమ్మ ఆపరేషన్ ఖర్చు కారణంగా పెట్టారు. దయచేసి ఆ అమ్మగారిని డిశ్చార్జ్ చేసెయ్యండి. ఆమెకు దొంగతనం ఇష్టం, పైగా బాగా చేతనవును. కామెడీకి అంతకన్నా కారణం అక్కర్లేదు.

ఇంటర్వెల్ పాఠం వచ్చే వారానికి జరిపాను. సీన్ హెడ్డింగులు, ఫార్మాటు మీకు వచ్చు, వాటి జోలికి పోను.

ముందు 1932లో పారమౌంట్ తీసిన 'ట్రబుల్ ఇన్ ప్యారడైజ్' చూడండి. దర్శకుడు ఎర్న్‌స్ట్ లూబిచ్, స్క్రీన్‌ప్లే శాంసన్ రాఫెల్సన్. వెనిస్‌లో ఒక హోటల్. ఒక గదిలో ధనవంతుడొకడు దోపిడీకి గురై నేల మీద పడి ఉంటాడు. అదే హోటల్లో బ్యారన్‌నని చెప్పుకునే గాస్టన్, కౌంటెస్‌నని చెప్పుకునే లిలీని (రెండూ యూరప్ పెద్దింటివాళ్ళ బిరుదులు) రాత్రి భోజనానికి పిలుస్తాడు. ఆమెకు ఫోనొస్తుంది. అవతల ఉన్నది డచెస్ అన్నట్టు లిలీ తెగ మర్యాదగా మాట్లాడుతుంది. వెంటనే అవతలి గది చూపిస్తారు: అక్కడున్నది మామూలు ఆడమనిషి, ఇరుకు గది. ఒక్క షాట్‌తో ఆమె కౌంటెస్ కాదని మనకు తెలిసిపోయింది, గాస్టన్‌కి ఆ షాట్ కనపడదు.

తర్వాత భోజనం. ఆ గదిలో దొంగతనం చేసింది మీరేనని లిలీ తాపీగా అనేసి, ఉప్పు అందించమంటుంది. అతను అందిస్తాడు, మిరియాల పొడి కూడా కావాలా అని అడుగుతాడు. ఆ కొట్టేసిన పర్సు ఇప్పుడు మీ దగ్గరే ఉందని అంతే మర్యాదగా జవాబిస్తాడు. లేచి తలుపు గడియ వేసి, కర్టెన్లు లాగి, ఆమెను పట్టుకుని కుదిపితే పర్సు కింద పడుతుంది. మళ్ళీ కూర్చుని తింటారు. కాసేపటికి ఆమె టైమెంతని అడుగుతుంది. అతను జేబు తడుముకుంటే వాచీ లేదు. ఆమే తీసిచ్చి, అయిదు నిమిషాలు వెనకుంటే సరిచేశానంటుంది. అతనేమో ఆమె మేజోడు పట్టీ తన దగ్గరే ఉంచుకుంటానంటాడు. ఎప్పుడు తీశాడో ఆమెకే తెలియలేదు! అక్కడ ఆమె మనసు పోయింది.

ఇప్పుడు మీ గొయ్యి దగ్గరికి వద్దాం. "ముందే చెప్పేస్తే ట్విస్టు పోతుంది కదండీ" అని చాలామంది అడిగారు. పోనివ్వండి. దొంగలని దాచినంతసేపూ ప్రేక్షకుడు చూసేది ఇద్దరు డబ్బున్నవాళ్ళు తినడం. మూడు పేజీల విసుగుకి ఒక్క క్షణం షాక్ ఇస్తున్నారు మీరు. ముందే చెప్తే, ఉప్పు అడిగే మాటకి కూడా రెండో అర్థం వస్తుంది. అలాగని అన్నీ చెప్పెయ్యకూడదు. పర్సు, వాచీ, పట్టీ ఎప్పుడు మాయమయ్యాయో లూబిచ్ మనకు చూపించలేదు. వాళ్ళు ఎవరో చెప్పాడు, వాళ్ళ చేతులు ఏం చేశాయో దాచాడు. మీరు సరిగ్గా తిరగేసి రాశారు: చేతులన్నీ వర్ణించారు, మనుషుల్ని దాచారు.

నా అడ్డదారి చెప్తాను. నోటుబుక్‌లో మూడు గళ్ళు గీస్తాను: ప్రేక్షకుడు, అతను, ఆమె. ఒక్కో డైలాగుకి ఎవరికి ఏం తెలుసో టిక్కు పెడతాను. మూడు గళ్ళూ వరసగా ఒకేలా ఉన్న డైలాగుల్ని కొట్టేస్తాను. డైలాగులు బాగున్నా సరే.

1941లో ప్రెస్టన్ స్టర్జెస్ తీసిన 'ది లేడీ ఈవ్'లో ఓడ మీద పేకాట కూడా ఇంతే. తండ్రి ముక్కలు మారుస్తుంటే, ప్రేమలో పడ్డ కూతురు కుర్రాణ్ణి కాపాడటానికి తండ్రినే మోసం చేస్తుంది. పక్కనున్న ఆ కుర్రాడికి (హెన్రీ ఫోండా) ఏమీ తెలియదు, మనకు అన్నీ తెలుసు.

'ట్రబుల్ ఇన్ ప్యారడైజ్'లో చివరికి దొంగలకు శిక్ష పడదు. 1934లో ప్రొడక్షన్ కోడ్ (తెర మీద ఏం చూపకూడదో చెప్పే హాలీవుడ్ నియమావళి) బిగిశాక, 1935లో దాని మళ్ళీ విడుదలకు ఒప్పుకోలేదు. నాకైతే ఆ ముగింపే ఇష్టం, మీరూ ఎవరినీ జైలుకి పంపకండి.

అభ్యాసం: అదే సీన్ మళ్ళీ రాయండి. రెండు పేజీలు మించకూడదు. మొదటి అరపేజీలో ఇద్దరూ ఎవరో మనకు తెలియాలి, డైలాగుతో చెప్పించకూడదు. ఒక్కొక్కరు రెండేసి వస్తువులు కొట్టేయాలి, ఏదీ తీస్తుండగా చూపకూడదు. దొంగ, మోసం, ప్రేమ అనే మాటలు వాడకూడదు. మూడు గళ్ళ కాగితం కూడా జతచేయండి, అది లేని సీన్లు చదవను.