ఛాంప్ ఆంప్‌లో హమ్: కెపాసిటర్ సైజు కన్నా దాని నెగటివ్ కాలు ముఖ్యం

గిటార్ ట్యూబ్ ఆంప్ గుయ్‌మంటోందంటే చాలామంది వెంటనే పవర్ సప్లై డీసీని నునుపు చేసే ఫిల్టర్ కెపాసిటర్ల విలువ రెట్టింపు చేసేస్తారు. తప్పు గ్రౌండ్‌లో ఉంటే దానివల్ల ఒరిగేదేమీ లేదు. కిట్ల రూపంలో బాగా దొరికే ఫెండర్ ఛాంప్ 5ఎఫ్1 సర్క్యూట్‌నే చూద్దాం. ఒక్క 6వి6 అవుట్‌పుట్ ట్యూబ్‌తో నడిచే సింగిల్ ఎండెడ్ ఆంప్ ఇది. రెండు అవుట్‌పుట్ ట్యూబులు ఎదురెదురుగా పనిచేసే పుష్-పుల్‌లో అయితే రెండిటికీ సమానంగా వచ్చిన రిపుల్ (డీసీలో మిగిలిపోయిన ఎగుడుదిగుడు) అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో చాలావరకు రద్దైపోతుంది. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు.

ముందు శబ్దం ఏ రకమో తేల్చుకోండి. మన 50 హెర్ట్జ్ కరెంటు, ఏసీని డీసీగా మార్చే ఫుల్ వేవ్ రెక్టిఫైయర్ దాటాక 100 హెర్ట్జ్ రిపుల్ అవుతుంది. ఆరో తీగ మూడో ఫ్రెట్ 98 హెర్ట్జ్, కాబట్టి హమ్ ఆ స్వరానికి దగ్గరగా ఉంటే సప్లైని అనుమానించండి. అంతకన్నా ఒక స్థాయి (ఆక్టేవ్) కిందుగా వినిపిస్తే అది హీటర్ వైర్లదో ఎర్త్ లూప్‌దో. దానికి ఫిల్టర్ కెపాసిటర్ మందు కాదు. ఆంప్ ఆపి ప్రీఆంప్ ట్యూబ్ 12ఏఎక్స్7 పీకి మళ్లీ ఆన్ చేయండి. మోత తగ్గకపోతే సప్లై, 6వి6 వైపు వెతకాలి. పోతే ప్రీఆంప్ వైపు.

విప్పేముందు ప్లగ్ తీసేయండి. లోపల 340 వోల్టుల పైమాటే, ప్రాణం తీస్తుంది. ఆపాక కెపాసిటర్లను ఖాళీ చేసే బ్లీడర్ రెసిస్టర్ ఈ సర్క్యూట్‌లో లేదు. 10కె (కిలోఓమ్), 5 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో ప్రతి కెపాసిటర్‌కూ పది సెకన్లు అడ్డంగా పెట్టి, మీటరుతో చూసి, అప్పుడే చెయ్యి పెట్టండి. తీసేశాక కొంత వోల్టేజీ మళ్లీ పైకి తేలుతుంది, అందుకే పని చేస్తున్నంతసేపూ ఆ రెసిస్టర్‌ను క్లిప్పులతో అలాగే ఉంచడం మంచిది.

అసలు సర్క్యూట్‌లో 16, 8, 8 మైక్రోఫారడ్లు, మధ్యలో 10కె, 22కె రెసిస్టర్లు. ఆంప్ 45 మిల్లీఆంపులు తీసుకుంటే 16 మైక్రోఫారడ్ల మీద రిపుల్ పీక్-టు-పీక్ 28 వోల్టుల లోపు ఉంటుంది. దాన్ని 10కె, 8 మైక్రోఫారడ్ల జత 50వ వంతుకు దించుతుంది. 8 బదులు 22 వేస్తే దాదాపు 140వ వంతు. 6వి6 స్క్రీన్‌కు వెళ్లేది ఇక్కడి నుంచే కాబట్టి తేడా చెవికి తెలుస్తుంది. అంటే పెంచాల్సినవి రెండోదీ మూడోదీ. మొదటిదాన్ని 20 దాటించకండి. పెద్దది నింపడానికి రెక్టిఫైయర్ ట్యూబ్ 5వై3 మీద పడే కరెంటు కుదుపులు దాని ఆయుష్షు తినేస్తాయి.

వోల్టేజీ రేటింగు 500 ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్ 325-0-325 అయితే పీక్ 460 వోల్టులు. 5వై3 త్వరగా వేడెక్కుతుంది, 6వి6 వేడెక్కేలోపు కెపాసిటర్ల మీద దాదాపు ఆ మొత్తం పడుతుంది. 450 రేటింగుది చాలదు.

ఇక గ్రౌండ్. మొదటి కెపాసిటర్‌లోకి కరెంటు ధారలా రాదు, సెకనుకు 100 సార్లు పోటు పెట్టినట్టు వస్తుంది. దాని నెగటివ్‌ను, ట్రాన్స్‌ఫార్మర్ హెచ్‌టి (హై టెన్షన్) వైండింగ్ సెంటర్ ట్యాప్‌ను నేరుగా ఒకదానికొకటి కలిపి, ఆ తర్వాతే అక్కడి నుంచి ఒక్క వైరు ఛాసిస్‌కు తీసుకెళ్లండి. ఈ పోట్లు ప్రీఆంప్ గ్రౌండ్ వైరు గుండా తిరిగితే ఎంత పెద్ద కెపాసిటర్ వేసినా జుయ్‌మనే గరుకు శబ్దం వదలదు. గుండ్రటి హమ్‌కీ దీనికీ తేడా వినగానే తెలిసిపోతుంది. రెండో కెపాసిటర్ నెగటివ్ 6వి6 కాథోడ్ రెసిస్టర్ గ్రౌండ్ దగ్గరికి, మూడోది 12ఏఎక్స్7 కాథోడ్ రెసిస్టర్ల గ్రౌండ్ దగ్గరికి వెళ్లాలి. అమరికలో అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేది ఈ మూడోదే.

పాత అమెరికన్ ఆంప్ అయితే మెయిన్స్ వైరు నుంచి ఛాసిస్‌కు ఒక కెపాసిటర్ కనిపిస్తుంది. తీసి పారేసి, మూడు పిన్నుల కార్డు వేసి, ఎర్త్‌ను ఛాసిస్‌కు బోల్టుతో బిగించండి. ఆ పాత కెపాసిటర్ షార్ట్ అయితే గిటార్ తీగలకే కరెంటు వస్తుంది.

మొదటిసారి మెయిన్స్‌కు సిరీస్‌లో 60 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టి ఆన్ చేయండి. బల్బు వెలిగి కాస్త మందగించాలి. నిండుగా వెలుగుతూనే ఉంటే షార్టో, పొలారిటీ తిరగబడిన కెపాసిటరో. అంతా సరిగా ఉంటే బల్బు తీసేసి, మీటర్ ఏసీ రేంజిలో, 630 వోల్టుల 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను సిరీస్‌లో పెట్టి రిపుల్ కొలవండి. మొదటి ఫిల్టర్ కెపాసిటర్ చోట 8 వోల్టుల లోపు, రెండోదాని చోట 0.2 లోపు రావాలి. రెండో చోట ఒక వోల్టు దాటితే ఆ కెపాసిటర్ చచ్చిపోయిందో, టంకం పట్టలేదో.