లూపస్‌తో గర్భం – 4వ పాఠం: హెపారిన్ సూది మీరే వేసుకోవడం

లూపస్ అంటే శరీర రక్షణ వ్యవస్థ సొంత అవయవాల మీదే దాడిచేసే జబ్బు. కిందటి పాఠంలో రక్తపరీక్షల సంగతి చూశాం. యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్ష (రక్తం గడ్డకట్టే ముప్పును పెంచే యాంటీబాడీల కోసం చేసేది) పాజిటివ్‌గా వచ్చి, కనీసం 12 వారాలు ఆగి మళ్లీ చేసినప్పుడూ అలాగే ఉంటేనే లెక్కలోకి తీసుకుంటారని చెప్పుకున్నాం. అలా తేలి, ఇంతకుముందు గర్భాలు నిలవకపోయిన స్త్రీకి వైద్యులు సాధారణంగా రోజూ తక్కువ మోతాదు ఆస్పిరిన్ మాత్ర, దానితోపాటు రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ సూది రాస్తారు.

సూది ఎందుకు, మాత్ర చాలదా? రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ మాత్ర మాయను దాటుతుంది. ముఖ్యంగా 6 నుంచి 12 వారాల మధ్య బిడ్డ అవయవాలకు హాని చేయగలదు. హెపారిన్ అణువు పెద్దది, మాయను దాటదు. అందుకే నెలల తరబడి ఈ సూది.

కడుపుతో ఉన్న పిల్లకు పొట్టమీద సూదా అని ఇంట్లో పెద్దవాళ్లు హడలిపోతారు. వాళ్లకు ఆ సూదిని చూపించండి. పొడవు అర అంగుళమే. చర్మం కింది కొవ్వులో ఆగిపోతుంది, గర్భసంచిని చేరదు.

ఇక పని. మొదటిసారి నర్సు ఎదుటే వేసుకోండి. చేతులు సబ్బుతో కడుక్కుని, వెనక్కి ఆనుకుని కూర్చోండి. బొడ్డుకు రెండంగుళాలు దూరంగా, పొట్ట పక్క భాగాన్ని ఎంచుకోండి. నిన్న కుడివైపయితే ఈరోజు ఎడమవైపు. మచ్చలు, కమిలిన చోట్లు వదిలేయండి. స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి, తడిమీద గుచ్చితే మంట ఎక్కువ.

ముందే మందు నింపి వచ్చే సిరంజిలో చిన్న గాలి బుడగ కనిపిస్తుంది. సిరంజి మొత్తం వేసుకోవాల్సి ఉంటే దాన్ని తీయకండి, తీయబోతే మందు కూడా పోతుంది. చర్మాన్ని రెండు వేళ్లతో మడతగా పట్టుకుని, సూదిని నిటారుగా పూర్తిగా దించండి. పిస్టన్‌ను నెమ్మదిగా చివరిదాకా నొక్కి, సూది బయటికి తీశాకే మడత వదలండి. ఆ చోటును రుద్దకండి. చాలామంది చేసే పొరపాటు ఇదే, కమిలిపోవడానికి పెద్ద కారణమూ ఇదే. నెలలు నిండేకొద్దీ పొట్ట బిగుసుకుని మడత దొరకదు. అప్పుడు తొడ బయటి వైపు వేసుకోవచ్చేమో వైద్యురాలిని అడగండి.

రోజూ ఒకే వేళకు వేసుకోండి. ఒకరోజు మరిచిపోతే మరునాడు రెండు వేసుకోకూడదు. వాడిన సిరంజిని గట్టి డబ్బాలో వేసి ఆసుపత్రికి ఇవ్వండి.

అన్నిటికంటే నేను గట్టిగా చెప్పదలచినది కాన్పు సమయం గురించి. నొప్పులు మొదలైనా, రక్తస్రావం కనిపించినా తరువాతి సూది వేసుకోకుండా ఆసుపత్రికి వెళ్లండి. వెన్నుకు మత్తు ఇవ్వాలంటే, నివారణ మోతాదు (గడ్డ కట్టకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చే తక్కువ మోతాదు) వేసుకుని 12 గంటలు, చికిత్స మోతాదయితే (గడ్డ కట్టినవారికి ఇచ్చే ఎక్కువ మోతాదు) 24 గంటలు గడవాలి. కాన్పయ్యాక సూది మళ్లీ మొదలవుతుంది, సాధారణంగా 6 వారాలు. బిడ్డ పుట్టింది కదా అని మానేయకండి. గడ్డలు కట్టే ముప్పు బాలింతకు మరీ ఎక్కువ. పాలివ్వడానికి ఈ మందు అడ్డు కాదు.

అభ్యాసం: ఒక చిన్న పుస్తకంలో తేదీ, వేళ, ఏ వైపు, ఎంత మోతాదు రాస్తూ ఉండండి. కాన్పుకు వెళ్లేటప్పుడు మత్తు వైద్యులు మొదట అడిగేది చివరి సూది ఎప్పుడు వేసుకున్నారనే. వచ్చే పాఠంలో బీపీ, మూత్రంలో ప్రోటీన్ గురించి.