వేసవి రాత్రుల వేడి: ఎండలు ముదరకముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

వడదెబ్బ అనగానే మనకు మిట్టమధ్యాహ్నపు ఎండే గుర్తుకు వస్తుంది. కానీ పగలంతా ఎండలో కష్టపడిన మనిషికి రాత్రయినా చల్లదనం దొరక్కపోతే, మర్నాడు శరీరం చాలా త్వరగా లొంగిపోతుంది. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వడగాడ్పులకు రెండు వేల మందికి పైగా మరణించారు. కాబట్టి రోహిణి కార్తె దాకా ఆగకుండా, మార్చిలోనే రాత్రి వేడికి కూడా సిద్ధపడటం అవసరం.

రాత్రులు ఎందుకు చల్లబడటం లేదో ముందు తెలుసుకోవాలి. పగలు సూర్యకాంతిని పీల్చుకున్న నేల, ఆ వేడిని కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా తిరిగి వదులుతుంది. గాలిలో అత్యధిక భాగమైన నైట్రోజన్, ఆక్సిజన్ వాటిని దాదాపుగా అడ్డుకోవు. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ మాత్రం వాటిని పీల్చుకొని అన్ని వైపులకూ వదలడం వల్ల కొంత వేడి మళ్లీ నేలకే చేరుతుంది. దీన్నే హరితగృహ ప్రభావం అంటారు. నిజానికి ఇదే లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత 15 డిగ్రీల దగ్గర కాక, సుమారు మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండేది. చిక్కంతా మోతాదుతోనే వచ్చింది. బొగ్గు, పెట్రోలు, డీజిల్ మండించడం వల్ల, అడవులు నరకడం వల్ల, ప్రతి పది లక్షల భాగాల గాలిలో ఒకప్పుడు సుమారు 280 భాగాలుగా ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. పైగా ఒక డిగ్రీ వేడెక్కిన గాలి సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు, ఆ ఆవిరి కూడా వేడిని పట్టి ఉంచేదే. పొద్దు గుంకినా ఈ పని ఆగదు. శీతాకాలపు నిర్మలమైన రాత్రుల్లో లంబసింగి ఎముకలు కొరికేంత చల్లబడటానికీ, మే నెలలో కోస్తా ఊళ్లు తెల్లవార్లూ ఉక్కపోయడానికీ గాలిలోని ఆవిరి, ఆకాశంలోని మబ్బు ముఖ్య కారణాలు. అటువంటి ఉక్కలో చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. వాతావరణ శాఖ మైదానాల్లో 40 డిగ్రీలను వడగాడ్పుల పరిశీలనకు కనీస హద్దుగా తీసుకుంటే, తీరప్రాంతాల్లో 37 డిగ్రీలనే తీసుకోవడం గమనించదగినది.

అన్నిటికన్నా ముందు ఇంటి కప్పును చూసుకోవాలి. రేకుల ఇళ్లలోనూ, డాబా పై అంతస్తులోనూ ఉండేవారు ఎండలు ముదరకముందే కప్పు మీద తెల్ల సున్నం వేయించుకుంటే, పడిన ఎండలో చాలా భాగం వేడిగా మారకముందే వెనక్కి పోతుంది. పొద్దున ఎండెక్కగానే కిటికీలు మూసి, బయటి గాలి లోపలికన్నా చల్లబడిన తరువాతే తెరవాలి. కూలర్‌ను మాత్రం తలుపులన్నీ బిగించిన గదిలో నడపకూడదు, తేమ పెరిగి ఉక్కపోత ఇంకా ఎక్కువవుతుంది.

ఉపాధి పనులు, ఇళ్ల నిర్మాణం, మిరప కళ్లాల పని తెల్లవారుజామునే మొదలుపెట్టి, ఎండ ముదిరేలోగా ముగించుకోవాలి. కొత్తగా ఎండలోకి దిగేవారు మొదటి వారం పనిని కొద్దికొద్దిగా పెంచుకోవడం మంచిది. దాహం వేసేదాకా ఆగకుండా నీరు, ఉప్పు వేసిన మజ్జిగ, జావ తాగుతూ ఉండాలి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు, రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారు ఎంత నీరు, ఎంత ఉప్పు తీసుకోవాలో వైద్యుణ్ణి ముందే అడగాలి. ఒంటరిగా ఉండే పెద్దవారిని ఉదయమే కాదు, రాత్రి పడుకోబోయే ముందు కూడా ఎవరో ఒకరు పలకరించి రావాలి.

మాట తడబడటం, పొంతన లేకుండా మాట్లాడటం, ఒళ్లు కాలిపోవడం, స్పృహ తప్పడం వడదెబ్బ లక్షణాలు. చెమట పడుతోంది కదా అని తేలిగ్గా తీసుకోరాదు. జ్వరం మాత్ర ఈ వేడిని తగ్గించలేదు. వెంటనే 108కు ఫోన్ చేసి, మనిషిని నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి నిండా నీళ్లు పోస్తూ విసరాలి. మెడకు, చంకల్లో, గజ్జల్లో తడిగుడ్డలు పెట్టాలి. స్పృహలో లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. అంబులెన్సు వచ్చేదాకా ఒళ్లు తడపడం ఆపవద్దు.