డేవిడ్ విల్లా గోల్స్ చూసి స్ట్రైకర్ ఆట నేర్చుకోవడం ఎలా?

స్ట్రైకర్ (ముందుండి గోల్స్ కొట్టే ఆటగాడు) అవుతానంటూ నా దగ్గరికి వచ్చే పిల్లలకి ముందు 2010 ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌లో స్పెయిన్ ఆటగాడు విల్లా కొట్టిన 5 గోల్స్ చూపిస్తాను. బంతిని కాదు, అతని కాళ్లని చూడండి. పోర్చుగల్ మీద గోల్‌ని ఆపి ఆపి చూడాలి. ఎడమకాలితో కొట్టాడు, కీపర్ ఆపాడు, తిరిగొచ్చిన బంతిని కుడికాలితో లోపలేశాడు. మొదటి షాట్ తర్వాత నిలబడిపోలేదు, గమనించారా? చిలీ మీదైతే కీపర్ ముందుకు రాగానే దూరం నుంచే ఎడమకాలితో కొట్టేశాడు.

చిన్నప్పుడు విల్లా కుడికాలు విరిగితే, గని కార్మికుడైన తండ్రి ఎడమకాలితో ఆడించాడట. మీరు కాలు విరగ్గొట్టుకోనక్కర్లేదు లెండి! రోజూ గోడకేసి బలహీనమైన కాలితోనే కొట్టండి. పవర్ సంగతి తర్వాత, ముందు బంతి తిన్నగా వెళ్లాలి. అది కుదిరాక, కొట్టిన ప్రతిసారీ రీబౌండ్ (తిరిగొచ్చే బంతి) కోసం రెండడుగులు ముందుకేయండి.