చాప్‌స్టిక్స్‌తో తినడం ఎలా? పట్టు, మర్యాద, వాటి వెనుక కథ

చైనా నుంచి 671లో ఓడ ప్రయాణం మొదలుపెట్టి మన దేశానికి వచ్చి, నలందలో దాదాపు పదేళ్లు చదువుకున్న ఇత్సింగ్ అనే బౌద్ధ భిక్షువు ఇక్కడి భోజన పద్ధతులను శ్రద్ధగా గమనించి రాసుకున్నాడు. ఇక్కడివారు కుడిచేత్తోనే తింటారనీ, జబ్బుపడినవారికి మాత్రం చెంచా వాడుకునే అనుమతి ఉందనీ, చాప్‌స్టిక్స్ అనే పుల్లలతో తినడమన్నది ఈ దేశంలో ఎక్కడా వినబడలేదనీ ఆయన పేర్కొన్నాడు. బౌద్ధ భిక్షువుల నడవడికి సంబంధించిన ‘వినయ’ నియమాలు ఆ పుల్లలను వాడమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు కాబట్టి చైనా భిక్షువులు తమ అలవాటును కొనసాగించుకోవచ్చునని తీర్మానించాడు కూడా. పదమూడు వందల ఏళ్ల తరువాత, చదువుకో ఉద్యోగానికో టోక్యోకూ సియోల్‌కూ వెళ్లే తెలుగువారికి అదే ప్రశ్న అటువైపు నుంచి ఎదురవుతోంది. అన్నం కలుపుకొని ముద్ద చేసుకోవడానికి అలవాటుపడిన వేళ్లతో ఆ రెండు పుల్లలను ఎలా పట్టుకోవాలి, పట్టుకున్న తరువాత వాటితో ఏ పనులు చేయకూడదు అన్నదే ఆ ప్రశ్న.

ఈ వ్యాసంలో పట్టు కంటే మర్యాదకే ఎక్కువ చోటు ఇచ్చాను. ముక్క జారి బల్ల మీద పడితే భోజనానికి పిలిచినవారు నవ్వి ఊరుకుంటారు గానీ, అన్నంలో పుల్లలు నిలువుగా గుచ్చితే వారి ముఖం చిన్నబోతుంది.

మొదటి అడుగు: చేతిలో ఉన్నది ఏ దేశపు జతో గుర్తించండి

చాప్‌స్టిక్స్ అన్నీ ఒకటి కావు. చైనావి సుమారు 25 సెంటీమీటర్ల పొడవుండి, చేతివైపు పలకలుగానూ కొనవైపు గుండ్రంగానూ, మొద్దుగానూ ఉంటాయి. అక్కడ కూరలన్నీ బల్ల మధ్యలో పెట్టి అందరూ తీసుకుంటారు కాబట్టి ఆ పొడవు అవసరం. వియత్నాం పుల్లలు కూడా ఇంచుమించు ఇలాగే ఉంటాయి. జపాన్‌లో ఎవరి గిన్నెలు వారి ముందే ఉంటాయి, చేపలో ముల్లు ఏరుకోవలసిన పని తరచుగా ఉంటుంది. అందువల్ల అక్కడి పుల్లలు పొట్టిగా, కొన సన్నగా ఉంటాయి. కొరియావి లోహంతో చేసిన పలుచని పుల్లలు. వాటి పక్కనే పొడవాటి కాడ ఉన్న చెంచా తప్పక ఉంటుంది, ఎందుకంటే అక్కడ అన్నమూ పులుసూ చెంచాతోనే తింటారు, పుల్లలు కూరలకు మాత్రమే. దక్షిణ కొరియాలోని గొంగ్జులో 1971లో బయటపడిన ముర్యొంగ్ రాజు సమాధిలో కంచు పుల్లలతో పాటు కంచు చెంచాలు కూడా దొరికాయి. ఆయన 523లో మరణించాడు కాబట్టి ఈ జోడీ ఎంత పాతదో తెలుస్తుంది. థాయిలాండ్‌లో అన్నానికి చెంచా, ఫోర్కు వాడతారు. పుల్లలు నూడుల్స్ గిన్నెకే పరిమితం.

కొత్తగా నేర్చుకునేవారు చెక్కవో వెదురువో తీసుకోవాలి. నునుపైన కొరియా పుల్లలతో మొదలుపెట్టినవారు చాలా త్వరగా విసిగిపోతారు.

చెంచాతో ఈ జోడీ కొరియాలో నిలిచింది గానీ, దాని మూలం చైనాలోనే ఉంది. హెనాన్ రాష్ట్రంలోని అన్యాంగ్ దగ్గర, షాంగ్ రాజుల రాజధాని శిథిలాలలో దొరికిన కంచు పుల్లలు సుమారు క్రీ.పూ. 1200 నాటివి. అంత తొలి కాలంలో వాటితో తినేవారన్న దానికంటే, కాగుతున్న పాత్రలోంచి ముక్కలు తీయడానికీ కలియబెట్టడానికీ వాడేవారన్న అభిప్రాయమే బలంగా ఉంది. ప్రాచీన ఆచార గ్రంథమైన లీజీలో, పులుసులో కూర ముక్కలు ఉంటే పుల్లలు వాడాలనీ, లేకపోతే అక్కరలేదనీ, కొర్రల వంటి ధాన్యపు అన్నాన్ని పుల్లలతో తినరాదనీ నియమాలున్నాయి. అంటే ప్రధాన భోజనం అప్పట్లో చెంచాదీ చేతిదీ. గోధుమ పిండి వాడకం పెరిగి, నూడుల్స్, కుడుముల వంటి పిండివంటలు వ్యాపించాక పుల్లలే ముందుకు వచ్చాయి.

వాటి పేరు మారిన తీరు కూడా చెప్పుకోదగినది. పాత చైనా మాట ‘జూ’. ఆగిపోవడమనే అర్థమున్న మాట కూడా అదే ధ్వనితో ఉండటం వల్ల, మింగ్ రాజుల కాలంలో (14–17 శతాబ్దాలు) యాంగ్‌త్సీ నది దిగువ ప్రాంతపు పడవవాళ్లు ఆ మాట పలకడానికి జంకి, త్వరగా అనే అర్థమిచ్చే ‘క్వాయ్’ అనే మాటను వాడటం మొదలుపెట్టారు. అదే ఈనాటి ‘క్వాయ్‌జ’ అయింది. దీపం ఆరిందనకుండా కొండెక్కిందనీ, వెళ్తాననకుండా వెళ్లొస్తాననీ అనే మనకు ఈ జంకు ఎవరూ విడమర్చి చెప్పనక్కరలేదు.

రెండో అడుగు: కింది పుల్ల కదలకూడదు, పై పుల్లే పని చేయాలి

పట్టు అంతా ఈ ఒక్క సూత్రం మీదే ఆధారపడి ఉంది. మొదటి పుల్లను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న చీలికలో ఆనించి, దాని ముందు భాగాన్ని ఉంగరపు వేలి పక్క మీద, గోటికి దగ్గరగా నిలపండి. చిటికెన వేలు ఉంగరపు వేలికి ఆసరాగా ఉంటుంది. బొటనవేలి మొదలు ఆ పుల్లను పైనుంచి అదిమి ఉంచుతుంది. ఇప్పుడు చేతిని అటూ ఇటూ తిప్పి చూడండి. పుల్ల ఊగితే పట్టు ఇంకా కుదరలేదన్నమాట.

రెండో పుల్లను కలం పట్టుకున్నట్లు పట్టుకోవాలి. బొటనవేలి కొన, చూపుడువేలు, మధ్యవేలు ఈ మూడే దాన్ని నడుపుతాయి. మధ్యవేలు కిందినుంచి పైకి ఎత్తితే పుల్లలు విచ్చుకుంటాయి, చూపుడువేలు కిందికి వంచితే మూసుకుంటాయి. రెండు కొనలూ సమంగా కలవాలి. కలవకపోతే బల్ల మీద టకటకా కొట్టి సరిచేసుకోవద్దు, రెండో చేత్తో మెల్లగా జరుపుకోవాలి. కొనకు మరీ దగ్గరగా కాకుండా, పై నుంచి మూడోవంతు దూరంలో పట్టుకోవాలి. కొత్తవారు సాధారణంగా చేసే పొరపాటు గట్టిగా నొక్కడం. పుల్లలు అడ్డంగా దాటిపోయి కత్తెరలా మారాయంటే వేళ్లు బిగుసుకున్నాయని అర్థం. అప్పుడు వాటిని కింద పెట్టి, చెయ్యి విదిల్చుకొని మళ్లీ మొదలుపెట్టండి.

మూడో అడుగు: మన వంటింట్లోని వస్తువులతోనే సాధన చేయండి

మొదటి రెండు రోజులు ఇడ్లీ ముక్కలూ ఉడికించిన కాలీఫ్లవరూ తీసుకోండి. అవి పుల్లల మధ్య కొంచెం నలిగి నిలుస్తాయి. తరువాత ఉడికించిన శనగలు, ఆ తరువాత వేయించిన వేరుశెనగ గింజలు. ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ఇరవై గింజలు పడేయకుండా మార్చగలిగిన రోజున మీరు ఏ బల్ల దగ్గరైనా కూర్చోవచ్చు.

సోనామసూరి అన్నంతో మాత్రం సాధన చేయవద్దు. పొడిపొడిగా వండిన మన అన్నం మెతుకు మెతుకుగా జారిపోతుంది, తప్పు చేతిది కాకపోయినా నిరుత్సాహం కలుగుతుంది. జపాన్ బియ్యం గింజ పొట్టిది, వండితే ఒకదానికొకటి అతుక్కుంటుంది. పుల్లలతో అక్కడివారు అన్నాన్ని చిన్న ముద్దలుగా ఎత్తగలగడానికి ఆ జిగురే కారణం. పైగా జపాన్, చైనా, వియత్నాంలలో అన్నం గిన్నెను ఎడమచేత్తో ఎత్తి నోటి దగ్గరకు తెచ్చుకోవడమే మర్యాద. భోజనం దగ్గర ఎడమచెయ్యి తగలకూడదని పెరిగిన మనకు ఇది మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది గానీ, అక్కడ గిన్నెను బల్ల మీదే ఉంచి దాని మీదికి వంగి తినడమే మొరటుతనం. కొరియాలో నియమం దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ గిన్నె బల్ల మీదే ఉండాలి. పెద్దవారు చెంచా ఎత్తేవరకు చిన్నవారు ఆగాలి.

నాలుగో అడుగు: పోయినవారికి చేసే పనులు భోజనం దగ్గర చేయకండి

పుల్లల గురించిన నిషేధాలలో అతి ముఖ్యమైనవి రెండు, అవి రెండూ మరణంతో ముడిపడినవి. జపాన్‌లో మనిషి పోయినప్పుడు తల దగ్గర ఒక గిన్నె నిండా అన్నం గోపురంలా పెట్టి, అందులో పుల్లలను నిలువుగా గుచ్చి ఉంచుతారు. చైనావారికైతే అలా నిలబడిన పుల్లలు పితృదేవతల ముందు గుచ్చిన అగరువత్తుల్లా కనిపిస్తాయి. కాబట్టి తింటూ తింటూ నీళ్లు తాగడానికి ఆగినప్పుడు పుల్లలను అన్నంలో నిలబెట్టి వదిలేయడం, పక్కనున్నవారి ముందు పిండం పెట్టినంత పని. ఆ ఒక్క పొరపాటు చేయకుండా ఉంటే మిగిలినవన్నీ క్షమిస్తారు.

రెండోది, ఒకరి పుల్లల నుంచి ఇంకొకరు పుల్లలతో ముక్క అందుకోవడం. జపాన్‌లో దహనం పూర్తయిన తరువాత బంధువులు ఇద్దరిద్దరుగా నిలబడి, పుల్లలతో ఒకే ఎముకను కలిసి పట్టుకొని కలశంలో వేస్తారు. పాదాల ఎముకలతో మొదలుపెట్టి తలవైపు వస్తారు, ‘గొంతులోని బుద్ధుడు’ అని పిలిచే మెడ ఎముకను చివరకు అందుకుంటారు. మన అస్థిసంచయనం వంటిదే ఇది. రెండు జతల పుల్లలు ఒక వస్తువును తాకే సందర్భం వారికి అదొక్కటే.

ఈ సంగతి నాకు ఒక జపాన్ కుటుంబం ఇంట భోజనానికి కూర్చున్నప్పుడు తెలిసింది. స్నేహితుడు తన పుల్లలతో ముల్లంగి ఊరగాయ ముక్కను ఎత్తి నావైపు చాపాడు, నేను నా పుల్లలతో అందుకోబోయాను. ఆ ఇంటి పెద్దావిడ ఏమీ అనలేదు. అరచేయంత చిన్న పళ్లెం ఒకదాన్ని మా రెండు చేతుల మధ్యకు జరిపి, ముక్క అందులో పడేవరకు దాని అంచు మీద రెండు వేళ్లు ఆనించి ఉంచారు. ఆ పళ్లెం జరగడానికి పట్టిన కాలం రెండు క్షణాలు, కానీ ఆ ఇంట పోయినవారంటే ఉన్న భక్తి నాకు దాని ద్వారానే అర్థమైంది. శవాన్ని తల ఉత్తరంవైపు ఉంచి పడుకోబెట్టడం, బతికున్నవారు అటు తలపెట్టి పడుకోకపోవడం వారికీ ఉన్నాయని తెలిశాక నాకు ఆ ఇల్లు మరింత దగ్గరిదైంది.

మిగిలిన నిషేధాలు తేలికైనవి. ఏది తీసుకోవాలో తేలక పుల్లలను గిన్నెల మీద తిప్పుతూ ఉండకూడదు, వాటితో మనుషులను చూపించకూడదు, ముక్కలోకి గుచ్చి ఎత్తకూడదు, దూరంగా ఉన్న గిన్నెను వాటితో లాక్కోకూడదు. చైనాలో పుల్లలతో గిన్నె అంచును కొట్టి చప్పుడు చేయకూడదు, అది బిచ్చమడిగేవారి పద్ధతిగా భావిస్తారు.

ఐదో అడుగు: ఎంగిలి విషయంలో ఇంటివారి పద్ధతిని గమనించండి

మన ‘ఎంగిలి’ అన్న మాటకు సరిసమానమైనది ఆ భాషలలో లేకపోవచ్చు గానీ, ఆ భావన లేదనుకోవడం పొరపాటు. జపాన్ ఇళ్లలో ఎవరి పుల్లల జత వారిదే. తండ్రి పుల్లలతో కొడుకు తినడు. కొత్త సంవత్సరం నాటి భోజనానికి రెండు కొనలూ సన్నగా చెక్కిన విల్లో చెక్క పుల్లలు వాడతారు, వాటిలో ఒక కొన మనిషిది, రెండోది దేవుడిది. దేవుడి కొనను నోట పెట్టరు. ప్రసాదాన్ని దేవుడితో కలిసి తినడమన్న భావన ఇంత చిన్న వస్తువులో ఇమిడి ఉండటం నాకు ఎంతో ఇష్టమైన విషయం. చైనాలో ఉమ్మడి గిన్నెలోంచి సొంత పుల్లలతోనే తీసుకోవడం తరతరాల ఆత్మీయత; అంటువ్యాధుల తరువాత మాత్రం వడ్డనకు వేరే జత ఉంచాలన్న ప్రచారం బాగా పెరిగింది. వేరే జత కనిపిస్తే దాన్నే వాడండి, కనిపించకపోతే ఇంటివారు చేసినట్లే చేయండి.

బహుమతిగా ఇవ్వదలచుకుంటే

చైనాలో కొత్త దంపతులకు పుల్లల జత ఇవ్వడం శుభం, ఎందుకంటే ‘క్వాయ్‌జ’ అన్న మాటలో ‘త్వరలో బిడ్డలు’ అన్న ధ్వని వినిపిస్తుంది. జపాన్‌లో కొంచెం పెద్దదీ చిన్నదీ కలిపి దంపతుల జతలుగా అమ్ముతారు. బిడ్డకు నూరు రోజులైనప్పుడు మన అన్నప్రాశన లాంటి వేడుక చేసి, పుల్లలతో మెతుకును పెదవులకు తాకిస్తారు. ఆ సమయానికి చిన్న జత ఇస్తే ఆ కుటుంబం దాన్ని దాచుకుంటుంది. ఫుకుయి ప్రాంతంలోని ఒబామా పట్టణంలో లక్క పూతలో ఆల్చిప్పల ముక్కలూ గుడ్డు పెంకులూ పొదిగి, అరగదీసి మెరుపు తెచ్చిన పుల్లలు చేస్తారు, పెద్దలకు ఇవ్వడానికి వాటికి మించినవి లేవు. అలాంటివి మీకు ఎవరైనా ఇస్తే నీళ్లలో నానబెట్టవద్దు. మెత్తని గుడ్డతో కడిగి, వెంటనే తుడిచి ఆరబెట్టండి.

చివరి అడుగు: తిన్న తరువాత

మధ్యలో ఆగినా, ముగించినా పుల్లలను వాటి కోసం ఉంచిన చిన్న దిమ్మ మీద కొనలు ఆనేలా, మీకు అడ్డంగా పెట్టండి. హోటళ్లలో ఇచ్చే విరిచి వాడే పుల్లలకు దిమ్మ ఉండదు. జపాన్‌లోని యోషినోలో అవి పీపాలు చేయగా మిగిలిన దేవదారు జాతి చెక్క ముక్కలతో మొదలయ్యాయి. కలప వృథా అవుతోందన్న ఆందోళనతో చైనా 2006లో వాటి మీద 5 శాతం పన్ను వేసింది. వాటిని ఒడి మీద అడ్డంగా పట్టుకొని పైకీ కిందికీ లాగి విరవాలి, విరిచాక ఒకదానితో ఒకటి రుద్దకూడదు. అలా రుద్దితే నాసిరకం పుల్లలు ఇచ్చారని హోటలువారిని అన్నట్లవుతుంది. వాటితో వచ్చిన కాగితపు తొడుగును ముడిలా మడిస్తే అదే దిమ్మగా పనికొస్తుంది. భోజనమయ్యాక పుల్లలను మళ్లీ తొడుగులో పెట్టి దాని చివరను మడిచి వదిలితే, బల్ల తుడవడానికి వచ్చినవారికి అవి వాడినవని చూడగానే తెలుస్తుంది.